వాన పడుతుండగానే ఫోటో తియ్యాలి, ఫోను మాత్రం తడవనివ్వకూడదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. హాస్టల్లో ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలకు కూడా చదివి వినిపిస్తే ఇంకా మంచిది. ఎందుకంటే ఇందులో సగం మాటలు ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను గురించే.

జగ్గయ్యపేట, నందిగామ వైపు మన తండాలకీ, చెరువు కట్టల మీదా వాగుల పక్కనా ఉండే యానాది, ఎరుకల ఇళ్లకీ వాన అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకపక్క పాలేరు, ఒకపక్క మున్నేరు, కిందకి వస్తే వైరా, కట్టలేరు. 2023 జులై ఆఖర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకి నీళ్లొస్తే విజయవాడ, హైదరాబాద్ మధ్య బళ్లు ఆగిపోయాయి. ఏడాది తిరిగింది, 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 పొద్దున మళ్లీ అదే చోట అదే కథ. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయాయి, బ్యారేజీ కట్టాక ఎప్పుడూ చూడనంత.

ఆ వారం విజయవాడ సింగ్ నగర్ ఫోటోలు దేశమంతా చూసింది. చూడాల్సిందే, అక్కడి జనం పడ్డ బాధ చిన్నది కాదు. మేం అడిగేది వేరే. పైన మన తండాల్లో కూలిన మట్టిగోడలు, కొట్టుకుపోయిన మేకలు, వారం రోజులు నీళ్లలో నానిన పత్తి, వీటి ఫోటోలు ఎన్ని ఉన్నాయి? మన గ్రూపులోనే ఆ వారం పోస్టులు వెనక్కి జరుపుకుంటూ వెళ్లి చూడండి. ఎక్కువ ఫార్వర్డులే. డ్రోన్ వీడియోలు, టీవీ క్లిప్పులు. మనోళ్లు మన ఇంటి ముందు నిలబడి తీసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా నీళ్లు తీశాక తీసినవి.

కారణం అందరికీ తెలుసు. ఇంట్లో ఒకటే ఫోను. బ్యాంకు ఓటీపీ దానికే, గ్యాస్ దానికే, మన స్కాలర్‌షిప్ మెసేజ్ కూడా దానికే వస్తుంది. వాన మొదలవగానే అమ్మ దాన్ని కవర్లో చుట్టి బియ్యం డబ్బాలోనో బీరువా మీదో పెట్టేస్తుంది. ఆమెది తప్పు కాదు, ఏడెనిమిది వేలు పెట్టి కొన్న వస్తువు. కానీ ఫోను దాచిన ఆ రెండు రోజులే మన నష్టానికి సాక్ష్యం దొరికే రెండు రోజులు. మేం చెప్పేది ఇదే: తడవని కవర్లో పెట్టి ఫోనుని బయటికి తియ్యాలి, వాన పడుతుండగానే తియ్యాలి.

నష్టం రాసుకునేవాళ్లు వాన రోజు రారు కదా. రోడ్లు తెగి ఉంటాయి, వాళ్లూ రాలేరు. నాలుగైదు రోజులకి వస్తారు. అప్పటికి నీళ్లు పోయాయి, మనమే బురద కడిగేశాం, గోడ మీద తడి మరక ఎండకి ఆరిపోయింది. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా" అని అడిగితే అమ్మ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. రాసేవాడు నమ్మితే నమ్ముతాడు, లేకపోతే లేదు. 2024లో విజయవాడలోని 179 సచివాలయాల పరిధిలో కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులో ఉన్నవాళ్లకి 10,000 ప్రకటించారు. అంటే నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయన్నదాన్ని బట్టే డబ్బు. మన తండాలో కింది అంతస్తు, పై అంతస్తు ఎక్కడివి? ఉన్నది ఒక్క గది, దాని మీద రేకులు. నీళ్లు గడప దాటాయా, మంచం ఎక్కాయా అన్నదే మన కొలత. ఆ కొలతకి ఫోటో తప్ప వేరే రుజువు లేదు.

పంట సంగతి ఇంకా సూటిగా ఉంది. ఫసల్ బీమాలో చేలో స్థానికంగా జరిగిన నష్టాన్ని 72 గంటల్లో తెలియజేయాలి. వరి నీట మునగడాన్ని 2018లో ఆ జాబితాలోంచి తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తున్నామని 2025 నవంబర్లో కేంద్రం చెప్పింది, దానికి యాప్‌లో జియోట్యాగ్ ఉన్న ఫోటోలు పెట్టాలని కూడా చెప్పింది. మూడు రోజులు. వాన రెండు రోజులు కురిస్తే మిగిలేది ఒక్క రోజు. కౌలుకి చేసేవాళ్లకి ఫోటో ఒక్కటే సరిపోదు, కౌలు కార్డు లేకపోతే, ఈ-పంటలో పేరు లేకపోతే ఎంత మంచి ఫోటో అయినా చూసేవాడుండడు. ఆ పోరాటం వేరే ఉంది, దాన్ని ఫోటోతో కలిపి చిన్నది చెయ్యొద్దు. కానీ కార్డు ఉండి కూడా ఫోటో లేక పోగొట్టుకోవడం అన్యాయం కాదా?

ఫోటోకీ మన కూలికీ సంబంధం కొత్తదేం కాదు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెడితేనే హాజరు అన్నారు. మేటు ఫోను తడిస్తే మొత్తం గుంపు కూలి గాల్లో. ఆ రోజే మనకి అర్థం కావాల్సింది, ప్రభుత్వం మన మాట కంటే ఫోటోని ఎక్కువ నమ్ముతోందని. నచ్చినా నచ్చకపోయినా లెక్క అలా నడుస్తోంది.

"ఇల్లు మునుగుతుంటే ఫోటోలేంట్రా" అని పెద్దోళ్లు అంటారు. సరైన మాటే. ముందు పిల్లలు, ముసలివాళ్లు, తర్వాత మేకలు, కాగితాల సంచి. అవన్నీ గట్టు మీదకి చేరాక ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషమే మేం అడిగేది. చప్టా మీద నీళ్లు పారుతుంటే మధ్యలో నిలబడి రీల్ చేసేవాళ్ల తరఫున మేం ఒక్క మాట కూడా మాట్లాడం. అడుగు లోతు నీళ్లు జోరుగా పారితే చిన్న కారు కొట్టుకుపోతుంది, మనిషి పడిపోవడానికి అందులో సగం చాలు. అలాంటి వీడియో మన గ్రూపులోకి వస్తే లైకులు కొట్టకుండా తీసేయించండి.

ఇక ఫోను తడవకుండా ఎలా. దీని మీద అందరికీ తలా ఒక నమ్మకం ఉంది, సగం తప్పు.

మొదటిది, "మా ఫోను వాటర్‌ప్రూఫ్" అనే మాట. డబ్బా మీద ఐపీ అని ఒక నంబరు ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. ఐపీ68 అంటే మంచినీళ్లలో, కదలకుండా, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపు పరీక్షించారని. మున్నేరు బురదనీళ్లలో కాదు. మనం కొనే రేటులో ఎక్కువగా ఉండేది ఐపీ52, ఐపీ54 లాంటివి, అంటే చినుకులకి తట్టుకుంటుంది అంతే. పైగా ఒకసారి స్క్రీన్ మార్పించిన ఫోనుకి ఆ నంబరు మీద ఆశ వదులుకోవాలి. లోపలికి నీళ్లు పోతే వారంటీ కూడా సాధారణంగా రాదు.

రెండోది బియ్యం. తడిసిన ఫోనుని బియ్యంలో పెడితే ఆరుతుందని మన దగ్గరే కాదు, ప్రపంచమంతా నమ్ముతుంది. 2024 జనవరిలో ఆపిల్ కంపెనీయే బియ్యంలో పెట్టొద్దని రాసింది, సన్నని నూక లోపలికి పోయి పాడు చేస్తుందని. చెయ్యాల్సింది ఏంటంటే, వెంటనే స్విచ్ ఆఫ్ చేసి, సిమ్ తీసి, ఛార్జింగ్ రంధ్రం కిందకి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టి, గాలి ఆడే చోట పెట్టడం. ఫ్యాన్ గాలి మంచిదే. పొయ్యి దగ్గరా, హెయిర్ డ్రయ్యర్ ముందూ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, తడి పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు. ఫోను నీళ్లతో పోయేదానికంటే, "ఆన్ అవుతుందో లేదో చూద్దాం" అని ఛార్జర్ పెట్టినప్పుడు పోయేదే ఎక్కువని మా అనుభవం.

కవర్ విషయానికొస్తే దుకాణంలో జిప్ పౌచ్ వంద, రెండొందలకి దొరుకుతుంది, మెడలో వేసుకునే తాడుతో. అది లేకపోతే చీర వచ్చిన పారదర్శకపు కవర్, లేదా ఏదైనా మందపాటి కవర్ చాలు. ఫోను పెట్టి, గాలి తీసి, మూతి మడిచి రబ్బరు బ్యాండు వెయ్యాలి. కెమెరా దగ్గర కవర్ బిగుతుగా ఆనేలా లాగి పట్టుకోవాలి, ముడత ఉంటే ఫోటో మసక వస్తుంది. తడి చేత్తో స్క్రీన్ నొక్కితే పనిచెయ్యదు, కాబట్టి వాన రాకముందే ఇంట్లో ఒకసారి సౌండు పెంచే మీటతో ఫోటో తియ్యడం అలవాటు చేసుకోండి, చాలా ఫోన్లలో ఆ మీట కెమెరాలో క్లిక్‌గా పనిచేస్తుంది. గాలికి వీపు పెట్టి నిలబడాలి. జేబులో ఒక పాత నూలు గుడ్డ ముక్క పొడిగా ఉంచుకోవాలి, చొక్కా అంచుతో తుడిస్తే మరక ఇంకా పాముతుంది. గొడుగు పట్టుకునేవాళ్లు ఒకరు, తీసేవాళ్లు ఒకరు ఉంటే అన్నిటికంటే మేలు.

మనలో కొందరు సెలవుల్లో పెళ్లి ఫోటోల వాళ్ల దగ్గర సహాయకులుగా వెళ్తున్నారు. శ్రావణం పెళ్లిళ్లన్నీ వానలోనే. కెమెరాకి ఏమైనా అయితే ముందు కోసేది సహాయకుడి కూలే, అందుకే వాళ్ల కోసం రెండు మాటలు. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన లెన్సు మీద వెంటనే ఆవిరి పడుతుంది, బ్యాగులోనే ఒక పావుగంట ఉంచి తియ్యండి. వానలో లెన్సు మార్చొద్దు. హుడ్ పెడితే చినుకులు అద్దం మీద తక్కువ పడతాయి. తడి బ్యాగులో కెమెరా రాత్రంతా వదిలేస్తే లెన్సు లోపల బూజు పడుతుంది, అది మళ్లీ తేలిగ్గా పోదు. ఇవి ముందే యజమానికి చెప్పండి, పాడయ్యాక చెబితే వినేవాళ్లుండరు.

ఫోటో ఎలా ఉండాలంటే, అందంగా కాదు. ముందు దూరం నుంచి ఒకటి, ఇల్లు ఎవరిదో, పక్కన ఏముందో తెలిసేలా. చెట్టు, కరెంటు స్తంభం, బోరింగు, ఏదో ఒక గుర్తు పడాలి. తర్వాత దగ్గర నుంచి, నీళ్లు ఎక్కడికి వచ్చాయో తలుపు చెక్కతో పాటు. ఫిల్టర్లు, స్టిక్కర్లు, పాటలు ఏమీ వద్దు. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. అరనిమిషం వీడియో తీసి అందులోనే ఊరు, తేదీ, టైము నోటితో చెప్పండి, మన గోర్‌బోలిలో చెప్పినా ఫర్వాలేదు. ఇంకో సంగతి, వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే దానిలో దాగి ఉండే తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. అసలు ఫోటో మాత్రం ఫోనులోంచి చెరపకండి. రేపు కోర్టు దాకా పోతే, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది, అప్పుడు ఏ ఫోనుతో తీశారో అడుగుతారు.

తియ్యకూడనివి కూడా ఉన్నాయి. తడిసిన బట్టల్లో ఉన్న అక్కలని, అమ్మలని, వాళ్లు వద్దన్నా వద్దనకపోయినా తియ్యొద్దు. అన్నం పొట్లం తీసుకుంటున్న చేతుల్ని, ఇచ్చేవాడి నవ్వుని కలిపి తీసే ఫోటోల్లో మనవాళ్లు కనపడటం మాకు ఇష్టం లేదు. ఎవరైనా అలా నిలబడమంటే పొట్లం కింద పెట్టి వచ్చే హక్కు మనకుంది.

గిరిజనుల ఫోటోలు ఎప్పుడూ ఎవరో బయటివాళ్లే తీశారు. 1940లలో హైమండార్ఫ్ చెంచుల దగ్గరికి, గోండుల దగ్గరికి వచ్చి వేల ఫోటోలు తీశాడు. ఆయనకి మనం రుణపడి ఉన్నాం, కాదనట్లేదు. కానీ ఆ ఫోటోలు లండన్లో ఉన్నాయి. వాన ఫోటోల సంగతి ఇంకా చిత్రం. బ్రయన్ బ్రేక్ అనే ఆయన 1960లో మన దేశపు వర్షాకాలం మీద తీసిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. అందులో అందరికీ గుర్తుండిపోయినది మొహం పైకెత్తి వానలో తడుస్తున్న అమ్మాయి. ఆ అమ్మాయి తర్వాత సినిమా నటి, దర్శకురాలు అయిన అపర్ణా సేన్. ఆ వాన నిజం వాన కాదు, కలకత్తాలో మేడ మీద మొక్కలకి నీళ్లు పోసే డబ్బాతో పోశారు. ఇంకోవైపు 1983లో పోర్‌బందర్‌లో మెడలోతు నీళ్లలో కుట్టుమిషన్ భుజాన పెట్టుకుని నడుస్తున్న ముసలి దర్జీని స్టీవ్ మెక్‌కరీ తీశాడు. ఆ ఫోటో చూసి మిషన్ కంపెనీ ఆ దర్జీకి కొత్త మిషన్ ఇచ్చిందని ఆయనే తర్వాత చెప్పాడు. డబ్బాతో పోసిన వాన పత్రికకి పనికొచ్చింది. నిజం వరద దర్జీకి పనికొచ్చింది. మాకు రెండోదే కావాలి.

కాబట్టి మా ప్రతిపాదన చిన్నది. ప్రతి తండాకి ఒక సంచి. అందులో రెండు జిప్ పౌచ్‌లు, ఛార్జింగ్ నింపిన ఒక పవర్ బ్యాంకు, నాలుగు నూలు గుడ్డలు, ఒక చిన్న టార్చి, తలా ఇంటి యజమాని పేరు రాసిన ఒక నోటు పుస్తకం. చందా వేసుకుంటే ఇంటికి ముప్పై, నలభై రూపాయలకి మించదు. సంచి ఎవరి దగ్గర ఉండాలో తండా పెద్దలే చెప్పాలి, కానీ ఫోటో తియ్యడానికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఉండాలని మా కోరిక. ఆడవాళ్ల ఇళ్లలోకి అబ్బాయి వెళ్లలేడు కదా. హాస్టల్లో ఉన్నవాళ్లు ఒక పని చెయ్యండి. కొత్త బూట్ల డబ్బాలో, మాత్రల సీసాలో వచ్చే చిన్న సిలికా పొట్లాలని పారేయకుండా దాచి, మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి, దసరాకి కాదు, వానలు మొదలయ్యే ముందే ఇంటికి పంపండి. ఫోను రాత్రిపూట ఆ డబ్బాలోనే ఉండాలి. ఏ తండాలో సంచి తయారైందో కింద రాయండి, మేం జాబితా పెడతాం. కొన్నవాటి బిల్లులు ఉంటే అవి కూడా పెట్టండి.