ఉప్పెనలో దొరికిన పిల్ల

మన క్రైస్తవ చారిత్రక నవలల్లో ఒక పిల్ల వుంటుంది. మీకూ తెలిసే వుంటుంది. ఉప్పెనలో కొట్టుకొచ్చి మిషను బంగళా మెట్ల మీద దొరుకుతుంది. ప్రార్థనలూ, పియానో నేర్చుకుంటుంది. ఒళ్ళు పచ్చగా మెరుస్తూంటుందని మొదటి పేజీలోనే చెప్పేస్తారు లెండి. పెద్దింటి కుర్రాడు ప్రేమిస్తాడు. "ఎవరి పిల్లో, ఏమిటో!" అని అతని తల్లి మొహం తిప్పుకుంటుంది. ఆఖరి ప్రకరణంలో ముసలి ఆయా పెట్టె తెరిచి ఓ హారం తీస్తుంది. ఇంకేముంది, పిల్ల జమీందారు బిడ్డ! అందరూ కళ్ళు తుడుచుకుని పెళ్ళి చేస్తారు.

ఆ హారం దొరక్కపోతే?

ఉప్పెనలు మనకి కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరులో దాదాపు ముప్ఫై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైందో మన ఇళ్ళల్లో ఇంకా చెప్పుకుంటూనే వున్నాం. అంత చావునీ మనవాళ్ళు పిల్లల్ని తారుమారు చేయడానికే వాడుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చరిత్ర మాత్రం తక్కువ తిన్నదా? నోబుల్ దొర 1841లో బందరు వచ్చి, 1843లో బడి పెట్టాడు. పై కులాల పిల్లలకే పెట్టాడు. మాలమాదిగల పిల్లలకి మొదట్లో అందులో చోటు లేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి బడి దాదాపు ఖాళీ అయిపోయింది. నవలకి పనికొచ్చే ఘట్టమే, కాదనను. కాని 1859లో బాప్తిస్మం పొందిన రాఘవాపురం మాలవారి పగోలు వెంకయ్య సంగతో? వందలాది పల్లెలకి విశ్వాసం ఆ దారినే వెళ్ళింది. ఆయన మీద నవల ఏదమ్మా?

కుటుంబ రహస్యాలే కావాలంటే నిజమైనవి లేవూ! షెడ్యూల్డు కులం హోదా హిందువులకే అని 1950లో ఉత్తర్వు వచ్చింది. 1956లో సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ చేర్చారు. క్రైస్తవులు బయటే వుండిపోయారు. దాంతో చర్చి రిజిస్టరులో మార్తమ్మ, బడి రిజిస్టరులో ఇంకో పేరు. చదువుకోసం కూతురికి రెండు పేర్లు పెట్టి, ఏది ఎక్కడ పలకాలో నేర్పిన తల్లి గుండె కన్నా గొప్ప రహస్యం ఏ జమీందారు పెట్టెలో వుందట?

రాసినవారు లేకపోలేదు. కల్యాణరావుగారి "అంటరాని వసంతం" (2000)లో రూతు తన భర్త పూర్వీకులని తలుచుకుంటూ తరాల కథంతా చెబుతుంది. హారం వూసే లేదు.

నా కొత్త నవలలో నాయిక గుడివాడ దగ్గర మాలపల్లెలో పుట్టిన బైబిలు స్త్రీ. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పింది. ఒక ఎడిటరుగారు చదివి, "చివర్లో ఆమె తండ్రి పెద్దింటివాడని తేల్చండి, ఆడవాళ్ళకి నచ్చుతుంది" అన్నారు. ఆడవాళ్ళంటే ఎవరండీ, మీరూ నేనూ కాదూ? మనకి ఏం నచ్చుతుందో ఆయనకెవరు చెప్పారో!

నాయిక తండ్రి పాలేరు. అచ్చులోనూ పాలేరుగానే వుంటాడు. ఎడిటరుగారు నా రాతప్రతి వెనక్కి పంపించవచ్చు. పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటాను.