గాలి తోడిన నేల

రోటర్‌డామ్‌లో పడవ ఎక్కితే గంటలోపే కిండర్‌డైక్. కాలువల వెంట బారులు తీరిన 19 గాలిమరలు. వాటిలో ఎనిమిది 1738లో ఇటుకతో కట్టినవి. ఎదుటి వరుసలోని ఎనిమిది 1740 నాటివి, ఒంటినిండా రెల్లు కప్పుకున్నవి. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. ఫొటోలు దిగి, ఇక్కడ పిండి విసిరేవారు కాబోలనుకుని తిరుగు పడవ ఎక్కే పర్యాటకులకు కొదవ లేదు.

కానీ ఇవి పిండిమరలు కావు. నీళ్లు తోడేవి. చుట్టూ ఉన్న పొలాలు నది కన్నా పల్లంలో ఉంటాయి. రెక్కలకు గాలి తగిలితే అడుగునున్న తెడ్ల చక్రం తిరుగుతుంది. పల్లపు నీటిని ఎగువ కాలువలోకి ఎత్తిపోస్తుంది. అక్కడినుంచి అది నదిలోకి పోతుంది.

చిక్కల్లా నేలతోనే. కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన మెత్తటి నేల అది. తడి ఆరితే కుంగుతుంది. కుంగితే మళ్లీ నీరు చేరుతుంది, మళ్లీ తోడాలి. అంటే ఎంత తోడితే అంత లోతుకు దిగడమే. గాలి చాలకపోవడంతో 1868లో ఆవిరి పంపులొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంధనం కరువైనప్పుడు మాత్రం పాత మరలే ఆదుకున్నాయి.

గట్టు ఒకరి పొలం దగ్గర తెగినా మునిగేది అందరూ. అందుకే 13వ శతాబ్దంలోనే అక్కడ నీటి మండళ్లు పుట్టాయి. ఇప్పటికీ వాటికి ఎన్నికలున్నాయి, విడిగా పన్నూ ఉంది. అంత జాగ్రత్త ఉన్నా 1953లో సముద్రపు గట్లు తెగి 1,836 మంది చనిపోయారు. 1990లలో నదులూ భయపెట్టాయి. గట్ల ఎత్తు పెంచడమొక్కటే చాలదని, నదికి చోటు వదలాలని డచ్చివారు నిర్ణయించుకున్నది ఆ తర్వాతే. 2018 వరదల్లో దెబ్బతిన్న కేరళ నుంచి ముఖ్యమంత్రి పినరయి విజయన్ మరుసటి ఏడాది వెళ్లి చూసొచ్చింది ఆ పథకాన్నే. కేరళలోని కుట్టనాడ్‌లోనూ వరి పండేది సముద్ర మట్టానికి దిగువనే మరి.

కిండర్‌డైక్ మరల్లో నేటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. మర నడిపే విద్యకు 2017లో యునెస్కో గుర్తింపు దక్కింది. కానీ రోజువారీ తోడకం ఆధునిక పంపులదే. వాటిని ఎవరూ ఫొటో తీయరు. అవి ఆగితే మాత్రం, ఫొటోలో మర వెనక కనిపించే పచ్చని పొలం నీళ్లపాలే.