క్యానులో పొయ్యరట! మరి స్ప్రేయరు నడిచేదెలా?

సంక్రాంతి వెళ్లిన పది రోజులకు మా తోటలో బంగినపల్లి చెట్లు నిండు పూత మీద ఉన్నాయి. పూతకు తేనెమంచు పురుగు తగిలింది. ఈ పురుగు సంగతి మామిడి రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే పూత మాడిపోతుంది. ఆకుల మీద బంక కారి నల్లటి మసి పడుతుంది. ఏడాది కష్టం అక్కడికి సరి.

పొద్దున్నే పీపాలో మందు కలిపాం. కూలికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. పది గంటలకల్లా స్ప్రేయరు ఇంజనులో పెట్రోలు అయిపోయింది. పీపాలో ఇంకా సగం మందు ఉంది. అయిదు లీటర్ల తెల్ల క్యాను బండికి తగిలించుకుని బంకుకు పోయాను.

"క్యానులో పొయ్యం బాబాయ్. పైనుంచి ఆర్డరు" అన్నాడు పంపు దగ్గర కుర్రాడు.

"స్ప్రేయరుకయ్యా. మందు కలిపి పెట్టి వచ్చాను. కావాలంటే నా చొక్కా వాసన చూడు" అన్నాను.

"మీరు నిజమే చెబుతున్నారని నాకు తెలుసు బాబాయ్. పోస్తే నా ఉద్యోగం పోద్ది. బండిలో ఎంత కావాలంటే అంత కొట్టించుకోండి."

ఆ కుర్రాడి తప్పేం లేదు. బండి ట్యాంకు నింపించుకుని తోటకు వచ్చాను. పాత బండి అయితే ట్యాంకు కింద కాక్ ఉండేది. పైపు ఊడదీసి సీసా పెడితే పెట్రోలు దిగేది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో చాలావాటికి ఆ కాక్ లేదు. చేసేదేముంది? కూలికొచ్చిన కుర్రాడు సన్న పైపు ట్యాంకులో దింపి నోటితో పీల్చాడు. వద్దురా అనేలోపే గుక్కెడు పెట్రోలు లోపలికి పోయింది. దగ్గు, కళ్ల వెంట నీళ్లు, ఊపిరి ఆడలేదు. నూజివీడు ఆసుపత్రికి తీసుకుపోయాం. పెట్రోలు కడుపులోకి పోవడం కన్నా ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదమని, వాంతి చేయించకుండా తీసుకురావడం మంచిదైందని డాక్టరు గారు చెప్పారు. రెండు రోజులుంచి పంపించారు. కుర్రాడు బాగానే ఉన్నాడు. కానీ వాళ్లమ్మ ఆసుపత్రి వరండాలో నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. పీల్చవద్దని ముందే చెప్పకపోవడం నా తప్పే.

ప్రమాదం జరగకూడదని పెట్టిన రూలే ఆ రోజు మా తోటకు ప్రమాదం తెచ్చింది. ఈ నెల నేను రాయదలుచుకుంది దీని గురించే.

ముందే ఒక మాట. రూలు ఊరికే పెట్టలేదు. 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డి గారిని ఆమె ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. అటువంటి ఘోరం తర్వాత బాటిళ్లలో పెట్రోలు పోయడం మీద కట్టడి చేయడాన్ని ఎవరు కాదంటారు? మన రాష్ట్రంలో 2024 మే 13 పోలింగు తర్వాత పల్నాడులో, ఇంకా కొన్నిచోట్ల గొడవలు జరిగాయి. జూన్ 4 లెక్కింపు దాకా సీసాల్లో, క్యానుల్లో పెట్రోలు పోయవద్దని పోలీసులు బంకులకు గట్టిగా చెప్పారు. అదీ అర్థమవుతుంది.

ఇంటి సంగతి చూసినా అంతే. కిరోసిన్ రేషన్ డిపోలో ఇచ్చే రోజుల్లో దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టేవాళ్లం. పిల్లలు నీళ్లనుకుని తాగిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. పెట్రోలు అంతకన్నా చెడ్డది. దాని ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న పొయ్యి నిప్పు అందుకుంటుంది. వాటర్ బాటిల్లో పెట్రోలు పోయమని అడగడం మన వైపు నుంచీ తప్పే.

అయితే చట్టం అసలేం చెబుతోంది? సంఘం ఆఫీసులో కూర్చుని తెలిసిన వకీలు గారి చేత చదివించుకున్నాను. 1934 నాటి పెట్రోలియం చట్టంలో 8వ సెక్షను ఉంది. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, తీసుకుపోవచ్చు. గట్టిగా మూత ఉన్న లోహపు డబ్బా అయితే 25 లీటర్ల దాకా, గాజు సీసా, జాడీ అయితే లీటరు దాకా పనికొస్తాయి. డీజిలు సంగతి 7వ సెక్షనులో ఉంది. ఒక్కో పాత్ర 1,000 లీటర్లు దాటకుండా మొత్తం 2,500 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదు. మనకు పది లీటర్ల డీజిలు కూడా క్యానులో పొయ్యమంటున్న బంకులున్నాయి!

చట్టంలో ప్లాస్టిక్ మాట లేదు. ఎలా ఉంటుంది? పాలిథీన్‌ను ఇంగ్లండులో కనిపెట్టిందే 1933లో. ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది 1939లో. తర్వాత వచ్చిన 2002 పెట్రోలియం రూల్సు ఏమంటాయంటే, లీటరు దాటిన పెట్రోలు డబ్బా, అయిదు లీటర్లు దాటిన డీజిలు డబ్బా నాగపూర్‌లో ఉండే పేలుడు పదార్థాల శాఖ చీఫ్ కంట్రోలర్ ఆమోదించిన రకమై ఉండాలి. మంచిదే. ఆ ఆమోదించిన డబ్బా ఎక్కడ దొరుకుతుంది? నూజివీడులో అడిగాను, హనుమాన్ జంక్షన్‌లో అడిగాను, విజయవాడలో స్ప్రేయర్లు అమ్మే షాపుల్లో అడిగాను. నేను అడిగిన చోట ఎక్కడా లేదు. స్ప్రేయరు అమ్ముతారు, రెండు స్ట్రోకుల ఇంజనుకు కలిపే ఆయిలు అమ్ముతారు, గడ్డి కోసే మిషను అమ్ముతారు. వాటికి పోసే పెట్రోలును చట్టప్రకారం తెచ్చుకునే డబ్బా మాత్రం అమ్మరు. మిషను కొనమని సబ్సిడీ ఇచ్చేది ఒక శాఖ, డబ్బాకు రూలు పెట్టేది ఇంకో శాఖ, బంకుకు ఆర్డరేసేది మరో శాఖ. ముగ్గురూ ఒక్కసారి మాట్లాడుకున్నట్టు లేదు.

ఈ తిప్పలు మనకే కాదు. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడికి ఈ సంగతి ఫోనులో చెబితే పెద్దగా నవ్వాడు. అక్కడ ఇంటి ముందు గడ్డి కోసే మిషనుకు పెట్రోలు క్యానులోనే తెచ్చుకుంటారు. ప్లాస్టిక్ క్యానే. అయితే ఒలకకుండా, ఆవిరి బయటికి పోకుండా ఉండాలని 2001లో కాలిఫోర్నియా రాష్ట్రం, 2009 నుంచి దేశమంతటా కొత్త రకం క్యాను రూలు పెట్టారు. పిల్లలు మూత తీయలేని విధంగా ఉండాలని 2008లో ఇంకో చట్టం చేశారు. ఉద్దేశం మంచిది. కానీ ఆ కొత్త క్యాన్లలో చాలావాటికి వెనక వైపు గాలి చిల్లు తీసేశారు. మూతి నొక్కి పట్టుకుంటేనే పెట్రోలు వస్తుంది. అదీ గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంది, ఉన్నట్టుండి మీద పడుతుంది. ఒలకని క్యాను కొన్నాక ఒలకబోసుకోవడం ఎక్కువైందని మావాడి గోల. విసుగెత్తి కొందరు ఆ మూతి పీకేసి పాత మూతి బిగించుకుంటున్నారట. చివరికి 2025 జులైలో అక్కడి పర్యావరణ సంస్థే, క్యాన్లకు గాలి చిల్లు పెట్టండి బాబూ అని తయారీదార్లను కోరింది. రూలు వచ్చిన పదహారేళ్లకు!

ఆ మాట విన్నాక మా అమ్మ గుర్తొచ్చింది. పదిహేను కిలోల నూనె డబ్బా తెస్తే ఆమె ఎప్పుడూ రెండు చిల్లులు పెట్టేది. ఒక మూల నూనె పోయడానికి, ఎదురు మూల గాలి పోవడానికి. ఒక్క చిల్లే పెడితే నూనె ఎగిరెగిరి పడి సగం నేలపాలవుతుంది. ఇది తెలియడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు, రోజూ డబ్బా వంచే చెయ్యి అయితే చాలు. అమెరికాలో అయినా అమరావతిలో అయినా రూలు రాసేవాళ్లు ఆ చేతిని అడగరు. అక్కడే వస్తోంది చిక్కంతా.

మన మామిడినే చూడండి. కార్బైడుతో కాయ మగ్గబెట్టకూడదని 2011 ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. ఆ నిషేధం నూటికి నూరుపాళ్లు న్యాయం. కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి విషాలుంటాయి. దాన్ని సమర్థించే రైతు సంఘం కాదు మనది. కానీ ఎథిలీన్ గ్యాసు 100 పీపీఎం దాకా వాడుకోవచ్చని ఆహార భద్రత సంస్థ స్పష్టంగా చెప్పింది 2016లో. ఆ గ్యాసు గదులు పెద్ద పెట్టుబడి పెట్టగలిగినవాళ్లకే అందాయి. బుట్టలో పెట్టుకుని రోడ్డు పక్కన రసాలు అమ్ముకునే మనిషికి ఏం దారి చూపించారు? దారి చూపకుండా వద్దంటే ఆ పని చాటుకు పోతుంది. ఇప్పుడు పెట్రోలు కూడా అలాగే చాటుకు పోయింది. ఊళ్లో కిరాణా కొట్టు వెనక సీసాల్లో దొరుకుతోంది. లీటరుకు పదీ ఇరవై ఎక్కువ. అందులో ఏం కలిసిందో తెలియదు, ఆ కొట్టు అంటుకుంటే ఎన్ని ఇళ్లు పోతాయో తెలియదు. బంకులో ఆపిన ప్రమాదాన్ని తెచ్చి ఊరి నడుమ పెట్టినట్టయింది.

తగలబెట్టాలనుకున్న దుర్మార్గుడు బండి ట్యాంకు నింపించుకుని ఇంటికి పోయి తీసుకుంటాడు. వాడికి ఆ రూలు అడ్డం కాదు. మందు కలుపుకుని కూర్చున్న రైతుకే అడ్డం. కాబట్టి రూలు ఎత్తేయమని కాదు, దానికి దారి పెట్టమని మనం అడగాలి. నా ఉద్దేశంలో ఇవీ మన కోర్కెలు:

ఒకటి. ఆమోదించిన లోహపు డబ్బాలు, అయిదు, పది లీటర్లవి, రైతు సేవా కేంద్రాల్లో, సహకార సంఘాల్లో అమ్మాలి. స్ప్రేయరుకు సబ్సిడీ ఇచ్చినప్పుడే దానితోపాటు డబ్బా ఇవ్వాలి.

రెండు. ఆ డబ్బా, పట్టాదారు పాసుపుస్తకం చూపిస్తే బంకులో పోయాలి. కౌలు రైతుకు కౌలు కార్డు చాలు. పేరు, ఫోను నంబరు, ఎన్ని లీటర్లో పుస్తకంలో రాసుకోనివ్వండి. మనకేం అభ్యంతరం లేదు. ఇది జిల్లా కలెక్టరు గారి రాతపూర్వక ఉత్తర్వుగా బంకు గోడ మీద అంటించి ఉండాలి. అప్పుడు పంపు కుర్రాడు ఉద్యోగానికి భయపడక్కర్లేదు.

మూడు. ఎన్నికలకో, గొడవలకో తాత్కాలికంగా ఆపితే ఆ ఉత్తర్వులోనే రైతుకు వేరే ఏర్పాటు రాయాలి. వ్యవసాయ అధికారి చీటీ ఇస్తే పోయొచ్చని ఒక్క వాక్యం చాలు. పురుగు ఎన్నికల కోడు చూసి రాదు.

నాలుగు. డీజిలుకూ పెట్రోలుకూ చట్టంలో ఉన్న తేడా బంకుల వాళ్లకు చెప్పాలి.

మన వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. వాటర్ బాటిలు, కూల్‌డ్రింక్ సీసా పట్టుకుని బంకుకు పోవద్దు. డబ్బాను బండి మీద, ట్రాక్టరు ట్రక్కులో ఉంచి నింపించొద్దు. నేల మీద పెట్టి నింపించండి, రాపిడి కరెంటు నిప్పురవ్వ పుట్టకుండా ఉంటుంది. మూతి దాకా నింపొద్దు, ఎండకు ఉబ్బడానికి కాస్త ఖాళీ ఉంచండి. ఇంజను వేడి మీద ఉండగా పెట్రోలు పోయొద్దు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పెట్రోలు అని రాసి, పిల్లలకు అందకుండా, వంటింటికి దూరంగా పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, పైపుతో నోటితో పీల్చొద్దు, కూలివాళ్ల చేత పీల్పించొద్దు. నా తోటలో జరిగింది మీ తోటలో జరగనివ్వకండి.

వచ్చే మండల సమావేశంలో దీన్ని అజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని అడిగాను. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల సభ్యులు తమకు జరిగింది నాలుగు ముక్కలు రాసి తెండి. ఏ తేదీన అడిగారు, ఎందుకు అడిగారు, ఏమన్నారు, మందు ఎంత పారబోశారు. కోపం మాటలు అక్కర్లేదు, లెక్కలు రాయండి. అవన్నీ కలిపి కలెక్టరు గారికి ఇద్దాం. కోత కాలం, తర్వాత కొమ్మ కత్తిరింపులు, మళ్లీ పూత మందులు. ఏడాది తిరిగేలోపు ఇది తేలకపోతే వచ్చే సంక్రాంతికి ఇంకో తోటలో ఇంకో కుర్రాడు పైపు నోట్లో పెట్టుకుంటాడు. వాళ్లు ఒక చిల్లు పెట్టి వదిలేశారు. రెండో చిల్లు మనమే అడిగి పెట్టించుకోవాలి.