రెండు రోజుల సముద్రం

వివాహమై ముప్పై ఏళ్ళు గడిచినా మా ఇంటావిడ ఇంతవరకు సముద్రాన్ని చూడలేదు. మహబూబాబాద్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి విశాఖపట్నం. ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో దైవప్రవక్త (సల్లం) పరుగు పందెం వేసిన హదీసును ఏటా బోధిస్తూనే, ఏటా వాయిదా వేసినవాణ్ణి నేనే. మదరసాకు సెలవు శుక్రవారం, పిల్లల బడికి ఆదివారం. మా గూడూరు ఇంట ఈ రెండూ ఎన్నడూ కలవవు! చివరకు రెండో శనివారం చూసి, నేనే రెండు రోజులు సెలవు పెట్టాను.

కాగితంపై తొమ్మిది చోట్లు రాశాను. ఆమె కోరినది మాత్రం ఒడ్డున తీరికగా కూర్చోవడమే. కొట్టివేయగా మూడు మిగిలాయి: రామకృష్ణా బీచ్, కుర్సురా జలాంతర్గామి, కైలాసగిరి. బీచ్‌లో అలల లాగుడు ప్రమాదకరం. పిల్లలకు పాదాలు తడిస్తే చాలు. 2002లో ప్రదర్శనశాలగా మారిన కుర్సురాలో ఇరుకు ద్వారాలను వంగి దాటాలి. "నా మోకాళ్ళకు అది వద్దు, మీరు వెళ్ళి రండి, నేను సముద్రాన్ని చూస్తుంటాను" అన్నది.

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మేము ముసాఫిర్లము. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు. స్థానిక ఇమాము వెనుకైతే పూర్తిగా నాలుగు. మగ్రిబ్ ఎప్పటిలాగే మూడు.

టికెట్లు తీశాను. సముద్రం రాత్రి కూడా శబ్దం చేస్తుందా అని నిన్న అడిగింది.