నల్లకోటు తొడుగుటకు ముందు



గడచిన వేసవిలో మేము ఒక కౌలురైతు ఇంటికి వెళ్లినాము. ఆయన కుమార్తె ఐదేండ్ల న్యాయశాస్త్ర కోర్సులో మూడవ సంవత్సరము చదువుచున్నది. పట్టణములో ఒక సీనియర్ న్యాయవాది ఆఫీసులో నాలుగు వారములు శిక్షణకు వెళ్లవలసియున్నది. తల్లికి కోటు దిగులు, తండ్రికి బస్సు ఖర్చు దిగులు. ఆ బిడ్డ మాత్రము, "అక్కడ నాకేం తెలుసని వెళ్లాలి అయ్యగారూ?" అని అడిగినది.

ఇది సరదాకు చేయు పని కాదు. భారత బార్ కౌన్సిల్ 2008 నియమముల ప్రకారము మూడేండ్ల కోర్సువారు 12 వారములు, ఐదేండ్ల కోర్సువారు 20 వారములు ఇట్టి శిక్షణ పొందవలెను. ఏ సంవత్సరములోనైనను ఎడతెగక నాలుగు వారములకు మించి చేయరాదు.

నల్లకోటు, తెల్ల చొక్కా, నల్ల బూట్లు కావలెను. పై తరగతివారి కోటు అడిగి తెచ్చుకొనుట సిగ్గు కాదు. గౌను, బ్యాండు మాత్రము న్యాయవాదులుగా నమోదైన వారివి. విద్యార్థి వాటిని తొడుగరాదు.

వెళ్లకముందే దావా, జవాబు దావా, వకాల్తానామా, అఫిడవిట్ ఎట్లుండునో ఒక్కొక్కటి చదివి చూడవలెను. 1860 నాటి శిక్షాస్మృతి స్థానములో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అయితే అంతకు ముందు జరిగిన నేరములకు పాత చట్టమే వర్తించును గనుక రెండును చూచుకొనవలెను. వెంట ఒక నోటు పుస్తకము ఉంచుకొని, ఆ దినము చూచినది ఆ రాత్రియే వ్రాసికొనవలెను.

"నాకేం తెలుసు" అన్న బిడ్డను మేము అడంగల్ అనగా ఏమి, పోరంబోకు అనగా ఏమి అని అడిగినాము. తడుముకొనక చెప్పినది. భూమి తగవుల కట్టలలో ఉండునవి ఈ మాటలే. పట్టణపు పిల్లలు పుస్తకములో వెదకునది పల్లె బిడ్డ గట్టుమీదనే నేర్చుకొన్నది.

ఇంతలో తండ్రి నవ్వుచు, "మా తమ్ముడి గట్టు తగాదాలో అవతలివాళ్ల వకీలు ఆయనేనండి. కట్టలో ఏముందో మా అమ్మాయి చూసి చెబుతుందిలే" అన్నాడు. బిడ్డ తల వంచుకొన్నది. మేము నవ్వలేకపోయినాము.

కక్షిదారుడు చెప్పిన మాటను అతని సమ్మతి లేక న్యాయవాది బయటపెట్టరాదని భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షను చెప్పుచున్నది. అది గుమస్తాలకును, ఉద్యోగులకును వర్తించును. శిక్షణకు వచ్చిన బిడ్డయు అదే కట్టుబాటులో నున్నట్లు ఎంచుకొనవలెను. కావున, "మొదటి దినముననే సీనియర్‌గారితో, 'ఆ కేసులో ఎదుటి పక్షము మా బాబాయి, ఆ కట్ట నాకు ఇవ్వవద్దు' అని చెప్పుమమ్మా" అని మేము చెప్పినాము. నోరు జారిన ఒక్క మాటతో ఆ వృద్ధ న్యాయవాది నమ్మకము, బిడ్డ పేరు రెండును పోవును.

తండ్రి కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "మేం అడగంలేమ్మా. తమ్ముడికీ నేనే చెబుతాను" అన్నాడు.

తలిదండ్రులారా, కోటు ఎరువు తేవచ్చును. ఇంటికి వచ్చిన బిడ్డను కేసు సంగతులు అడుగకుండుట మాత్రము మీరే సిద్ధపరచవలసిన సామాను.