ఈత రానోళ్ళకి రాఫ్టింగా?

మాది వడమాలపేట. మా వైపు ఏరంటే చాలా నెలలు ఇసకే, నాకు ఈత రాదు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం. టీమ్ ఔటింగుకి రాఫ్టింగ్ అన్నారు, ప్లానింగ్ నా నెత్తిన పడింది :)

కొలాడ్ దగ్గర కుండలిక నది ఖాయం చేశా. భీరాలో కరెంటు తీశాక పొద్దున వదిలే నీళ్ళ మీదే అక్కడ రాఫ్టింగ్. కాబట్టి తెల్లారకముందే బయల్దేరాలి. రాపిడ్లు రెండు, మూడు గ్రేడులు, కొత్తవాళ్ళకి ఫర్వాలేదు.

అందరూ అడిగింది తలకెంత, లంచ్ ఏంటి అనే. జాకెట్టు మన సైజుకి దొరుకుతుందా అని ఒక్కరూ అడగలా. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగింది అప్పుడే మర్చిపోయామా?

ఇంకోటి. భయమేసి రానన్నవాణ్ణి 'టీమ్ స్పిరిట్ లేదు' అని ఏడిపించకండి. ఒడ్డున ఫోటోలు తీసేవాడూ టీములోవాడే. ఏమంటారు?