ఏ రాకెట్టు మేలు?

టెన్నిసు నేర్వగోరి తండ్రితో కూడ ఆటవస్తువుల అంగడికి వెళ్లిన బాలుడు మొట్టమొదట చూచునది గోడకు వ్రేలాడు రాకెట్ల రంగులను. ఆ పిమ్మట వానిపై నున్న ఆటగాని పేరును. అంగడివాడు ఒకదానిని చేతికిచ్చి, "దీనిలో బలమున్నది, అదుపున్నది, చేయియు నొప్పి పుట్టదు" అని చెప్పును. ఆ మూడు మాటలలో ఏదియు పూర్తిగా అబద్ధము కాకపోవచ్చును. కాని ఆ మూడు గుణములును ఒక్క రాకెట్టునందే నిండుగా నుండుట అసంభవము. ఒకదానిని పెంచినచో మరియొకటి కొంత తగ్గును. కావున దేనిని ముందు కోరవలెనో, దేనిని వెనుకకు నెట్టవచ్చునో ఎరిగి కొనవలెను. తెలుగులో ఆకాశమునకెగయు రాకెట్టును, ఆటస్థలమున ఆడించు రాకెట్టును ఒక్క తీరుననే వ్రాయుదురు. బలమును గూర్చి అంగళ్లలో చెప్పు గొప్పలు వినినచో, అవి రెండును ఒకటియేనా యను భ్రమ కలుగకపోదు!

పూర్వము ఎంపికలో ఇంత చిక్కు లేదు. 1874లో ఇంగ్లాండునందు మేజరు వాల్టరు వింగ్‌ఫీల్డు పచ్చిక టెన్నిసునకు పేటెంటు పొందినది మొదలు సుమారు నూరేండ్లవరకు రాకెట్టనగా కొయ్యతో చేసినదే. దాని ముఖవైశాల్యము 65 నుండి 70 చదరపు అంగుళములు. బరువు 370 నుండి 400 గ్రాములు. తేమకు చట్రము వంకరపోవునను భయముతో, ఆట ముగిసిన వెంటనే దానిని మరలుగల చెక్క ప్రెస్సులో బిగించి ఉంచెడివారు. బంతి సరిగా నడుమ తగులకున్నచో ఆ రాకెట్టు చేతిలో మెలితిరుగును. బంతియు దారి తప్పును. కావున ఆటగాండ్రు బలముకంటె గురినే ఎక్కువగా నమ్ముకొనిరి. 1954లో వింబుల్డన్ బాలుర పోటీని గెలిచి, 1960, 1961 సంవత్సరములలో అచటనే పెద్దల పోటీలో సెమీఫైనలు చేరిన రామనాథన్ కృష్ణన్‌కు పేరు తెచ్చినది భీకరమైన సర్వీసు కాదు. బంతిని తలచిన చోట దింపగల నేర్పు.

ఈ పరిస్థితిని మార్చినవాడు హోవర్డు హెడ్ అను అమెరికా ఇంజనీరు. ఆయన విమాన నిర్మాణశాలలో పనిచేసి, పిదప మంచుపై జారుటకు ఉపయోగించు లోహపు స్కీలను తయారుచేసి ధనము గడించి, తీరిక దొరకిన పిమ్మట టెన్నిసు నేర్వ మొదలిడెను. ఆట ఎంతకును పట్టుపడలేదు. ఇతరులైనచో తమ చేతిని నిందించుకొందురు. ఆయన రాకెట్టును తప్పుపట్టెను. ముఖము ఇరుకుగా నుండుటచేతనే అది చేతిలో మెలితిరుగుచున్నదని గ్రహించి, దానిని వెడల్పు చేసెను. 1976లో ప్రిన్సు కంపెనీ పేర 110 చదరపు అంగుళముల రాకెట్టు అంగళ్లకు వచ్చెను. దానిని చూచి నవ్వినవారు పెక్కుమంది. కాని 1978లో పదునారేండ్ల బాలిక పామ్ శ్రైవర్ అట్టి రాకెట్టుతోనే అమెరికా ఓపెన్ ఫైనలు చేరెను. ఇంతలో కార్బను నారలతో చేసిన గ్రాఫైటు చట్రములును వచ్చెను. 1983లో యానిక్ నోవా ఫ్రెంచి ఓపెన్ గెలిచిన తరువాత, కొయ్య రాకెట్టుతో గ్రాండ్‌స్లామ్ సింగిల్సు గెలిచిన పురుషుడు లేడు. బ్యోర్న్ బోర్గ్ అంతటివాడు 1991లో పాత కొయ్య రాకెట్టునే చేతబట్టి మాంటీకార్లోలో తిరిగి ఆడవచ్చి, మొదటి పోటీలోనే ఓడిపోయెను.

ఇక బలమనునది ఎచటనుండి వచ్చునో చూడవలెను. టెన్నిసు బంతి బరువు 56 నుండి 59.4 గ్రాములు. అది తీగలను తాకియుండు కాలము సెకనులో ఇంచుమించు రెండువందలవ వంతు. ఆ కొంచెము కాలములోనే బంతి అణగును, తీగలు సాగును, చట్రము వంగును. సాగిన తీగలు తాము గ్రహించిన శక్తిలో చాలభాగమును తిరిగి బంతికిచ్చును. అణగిన బంతి తన శక్తిలో దాదాపు సగము పోగొట్టుకొనును. చట్రము మాత్రము తిరిగి నిటారుగా అగులోపల బంతి వెళ్లిపోవును. కావున చట్రము వంగుటకు ఖర్చయిన శక్తి వ్యర్థము. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. చట్రము బిరుసైనచో బలము హెచ్చును. తీగలు వదులైనచో కూడ బలము హెచ్చును. ఈ రెండవది వినుటకు వింతగా నుండును. తీగలను బిగించినకొలది దెబ్బ గట్టిదగునని తలచి, "ఇంకను బిగించుడు" అని తీగలు కట్టువానిని వేధించు పిల్లలు కలరు. నిజమునకు బిగువువలన లభించునది అదుపు. వదులు తీగలపై బంతి ఎంత దూరము పోవునో అంచనా కట్టుట కష్టము.

బిరుసైన చట్రమునకు మరియొక స్వభావము కలదు. తాను వంగదు కనుక, దెబ్బయొక్క అదురు నేరుగా పిడిలోనికి, పిడినుండి మణికట్టునకు, మణికట్టునుండి మోచేతికి ప్రాకును. మెత్తని చట్రము ఆ అదురును కొంత తానే మ్రింగును. ఈ బిరుసును కొలుచుటకు ఒక సంఖ్య వాడుకలో నున్నది. అది 60కి లోపలనున్నచో చట్రము మెత్తనిది. 70కి చేరినచో మిక్కిలి బిరుసు. బరువు సంగతియు గమనింపదగినది. వేగముగా వచ్చు బంతి తేలిక రాకెట్టును సులభముగా వెనుకకు త్రోయును. ఆ త్రోపునకు ఓర్చుకొనవలసినది చేయి. కొంత బరువున్న రాకెట్టు ఆ త్రోపును తానే భరించును. కావున చేతికి అన్నిటికంటె కీడు చేయునది తేలికయు బిరుసును కలిసిన రాకెట్టు. దురదృష్టమేమనగా, అంగడిలో గాలిలో రెండుమారులు విసరి చూచినపుడు అందరికిని నచ్చునది అదియే. అంగడిలో ఎదుటినుండి బంతి రాదు గదా!

మోచేతి వెలుపలి ప్రక్కన, మణికట్టును పైకెత్తు కండరములు స్నాయువుల ద్వారా ఎముకకు అంటియున్నవి. అచట పుట్టు బాధకే టెన్నిసు ఎల్బో అని పేరు. పేరు టెన్నిసుదే యైనను అది ఎవరినైనను పట్టవచ్చును. క్రికెట్టు ఆడిన సచిన్ టెండూల్కర్ 2005లో దానికై శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. ఈ బాధకు రాకెట్టు ఒక్కటియే కారణమనుట న్యాయము కాదు. బ్యాక్‌హ్యాండు దెబ్బను మణికట్టుతో కొట్టుట, విశ్రాంతి లేక ఆడుట, చేతికి సరిపడని పిడి, ఇవియు కారణములే. ఐనను పిల్లవాని చేతి అలవాట్లు మార్చుటకు నెలలు పట్టును. రాకెట్టును మార్చుట ఒక్క పూట పని. చేయి చెడినచో ఆటయే మారిపోవును. హైదరాబాదు బిడ్డ సానియా మీర్జా 2008లో మణికట్టు గాయమునకు శస్త్రచికిత్స చేయించుకొనెను. గాయముల కారణమున 2013లో సింగిల్సు విడిచి డబుల్సునకే పరిమితమాయెను. అందుకు ఆమె రాకెట్టు కారణమని ఎవరును చెప్పజాలరు. కాని 2015లో వింబుల్డన్ డబుల్సు గెలిచినంతటి క్రీడాకారిణికైనను ఆ చిన్న కీలు ఎంత విలువైనదో దీనివలన తెలియుచున్నది.

కావున నేర్చుకొను పిల్లలు మొదట చేతి సుఖమును, తరువాత అదుపును, చిట్టచివర బలమును చూచుకొనవలెననుటయే యుక్తము. బలము వయస్సుతోను, వ్యాయామముతోను శరీరమునకు తానుగా వచ్చును. దానిని పండ్రెండవ యేటనే అంగడిలో కొనదలచుట తొందరపాటు. అరువది యేండ్లవారి మాట వేరు. వారి భుజము నెమ్మదిగా కదలును కనుక వెడల్పు ముఖముగల రాకెట్టు సాయము కోరుటలో తప్పులేదు. అదియు మెత్తనిదైనచో మేలు.

"మహావీరులు ఆడు రాకెట్టు మాకేల పనికిరాదు?" అని పిల్లలు అడుగుదురు. పీట్ సాంప్రాస్ 85 చదరపు అంగుళముల చిన్న ముఖమునకు సీసపు పట్టీలు అంటించి బరువు పెంచుకొని ఆడెను. అది ఆయన భుజమునకు తగినది. రోజర్ ఫెదరర్ 90 అంగుళముల రాకెట్టుతో ఎన్నియో విజయములు పొందియు, 2014లో దానిని విడిచి 97 అంగుళములదానిని గైకొని, 2017లో ఆస్ట్రేలియా ఓపెన్ గెలిచెను. అంతటివాడే తన వయస్సునకు తగినట్లు రాకెట్టును మార్చుకొనగా, బాలుడు పరుని రాకెట్టును పట్టుకొని ప్రాకులాడుట ఏమి వివేకము? పైగా వీరుని పేరుతో అంగడిలో అమ్మునది అచ్చముగా ఆ వీరుడు ఆడునదే యని నమ్మరాదు.

తలిదండ్రులకును ఒక అలవాటున్నది. ఎదుగు పిల్లలకు చొక్కా వదులుగా కుట్టించినట్లే, "ఇంకను నాలుగేండ్లు పనికివచ్చును" అని 27 అంగుళముల పెద్దల రాకెట్టును చిన్నవాని చేతికిత్తురు. వదులు చొక్కావలన హాని లేదు. పొడుగు రాకెట్టువలన కలదు. పిల్లల కొరకు 19 మొదలు 26 అంగుళముల వరకు వేరువేరు పొడవులలో రాకెట్లు దొరకుచున్నవి. పదేండ్లలోపువారి పోటీలలో మెత్తని, నెమ్మదిగా పోవు బంతులనే వాడవలెనని 2012 నుండి అంతర్జాతీయ నియమమే కలదు. తీగల విషయములోను పొదుపు పనికిరాదు. 1997లో గుస్తావో కుయెర్తెన్ పాలిస్టరు తీగలతో ఫ్రెంచి ఓపెన్ గెలిచిన తరువాత అవి ప్రబలినవి. త్వరగా తెగవని పెద్దలు వానిని మెచ్చుకొందురు. కాని అవి బిరుసు; తెగకమునుపే సాగుగుణమును కోల్పోవును. పిల్లల చేతికి నైలాను తీగలే చాలును.

పిడిని పట్టుకొనినపుడు వ్రేళ్ల కొనలకును అరచేతికిని నడుమ రెండవ చేతి చూపుడువ్రేలు ఇముడవలెను. ఇమిడినను అంతటితో తృప్తిపడక, స్నేహితునిదో శిక్షకునిదో అట్టి రాకెట్టును అడిగి తెచ్చుకొని, వారము దినములు ఆడి చూడవలెను. ఆడిన మరునాటి ఉదయము నీళ్లు నిండిన చెంబును ఎత్తునపుడును, తడిబట్టను పిండునపుడును మోచేతి వెలుపలి ప్రక్క చురుక్కుమన్నచో, ఆ రాకెట్టును తిరిగి ఇచ్చివేయవలెను.